ఐర్లండ్ ఫ్లాట్ పందేల నుంచి గమనించదగ్గ గుర్రాలు: ఏ పందేల్లో వెతకాలి?

ఐర్లండ్‌లో పచ్చిక మీద నడిచే ఫ్లాట్ (అడ్డంకులు దూకే పని లేని) పందేల సీజన్ మార్చి నెలాఖరులో మొదలై నవంబరు దాకా సాగుతుంది. ఆ తర్వాత చలికాలమంతా డండాల్క్‌లోని కృత్రిమ ట్రాక్ మీద దీపాల వెలుగులో పందేలు కొనసాగుతాయి. ఇంత పొడవైన సీజన్‌లో పరుగెత్తే ప్రతి గుర్రాన్నీ గుర్తుంచుకోవడం ఎవరికీ సాధ్యం కాదు కనుక, అభిమానుల్లో చాలామంది కొన్ని పేర్లను ఒక పట్టీగా రాసుకొని, అవి మళ్లీ దిగినప్పుడల్లా గమనిస్తూ ఉంటారు. ఆ పట్టీలోకి పేర్లను ఎక్కడి నుంచి తీసుకోవాలన్నదే చిక్కు. రెండేళ్ల గుర్రాల మెయిడెన్‌లు (ఇంకా గెలవని గుర్రాల పందేలు), గ్రూప్ పందేలు (పైస్థాయివి), హ్యాండిక్యాప్‌లు (ప్రతిభను బట్టి బరువు మోపేవి), డండాల్క్ పందేలు అనే నాలుగు చోట్ల నాలుగు రకాల గుర్రాలు కనిపిస్తాయి, ఒక చోట పనికొచ్చే పరిశీలన మరో చోట అక్కరకు రాదు. నా అభిప్రాయం ముందే చెబుతున్నాను: పట్టీలో దాదాపు సగం స్థానాలను కరా, లెపర్డ్స్‌టౌన్ కోర్సుల మెయిడెన్‌లలో మొదటి స్థానం దక్కకపోయినా ఆశ కలిగించిన గుర్రాలకు కేటాయించడం మేలు.

ఇది గుర్రాల ప్రతిభను అంచనా వేయడం గురించిన వ్యాసం. తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ తమ గేమింగ్ చట్టాలను సవరించి డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి కనుక, అక్కడి పాఠకులు దీన్ని పందెం కాసే దారిగా తీసుకోవద్దని మనవి.

## ముందుగా కొలమానాలు

మొదటిది, గుర్రంలో ఇంకా ఎంత ఎదుగుదల మిగిలి ఉందన్న ప్రశ్న. రెండేళ్ల వయసులో ఒక్కసారి పరుగెత్తిన గుర్రానికీ, నాలుగేళ్ల వయసులో ఇరవై పందేలు చూసిన గుర్రానికీ ఒకే రోజు ఒకే స్థాయి ఫలితం వచ్చినా, ఆ ఫలితాల అర్థం వేరు. రెండోదాని శక్తి ఎంతో అందరికీ తెలిసిపోయింది, మొదటిదాని గురించి మనకు తెలిసింది దాని కనీస స్థాయి మాత్రమే.

రెండోది, పందెం బలం. గెలిచిన తేడాను చూసి మురిసిపోయే ముందు, ఓడినవాటికి ఆ తర్వాత ఏమైందో చూడాలి. ఒక మెయిడెన్‌లో రెండు, మూడు, ఐదో స్థానాల్లో వచ్చినవి తర్వాతి నెలలో వేర్వేరు కోర్సుల్లో గెలిస్తే, ఆ పందెంలో పాల్గొన్న ప్రతి గుర్రం విలువా పెరుగుతుంది. దీనికి రెండు మూడు వారాల ఓపిక కావాలి, అంతకు మించి ఖర్చేమీ లేదు.

మూడోది నేల. ఐర్లండ్‌లో నేల స్థితిని ఫర్మ్, గుడ్, యీల్డింగ్, సాఫ్ట్, హెవీ (గట్టి నేల నుంచి బాగా మెత్తటి నేల దాకా వరుసగా) అనీ, వాటి మధ్య స్థితులుగానూ ప్రకటిస్తారు. వసంతంలోనూ, అక్టోబరులోనూ నేల బాగా మెత్తబడుతుంది. అలాంటి నేల మీద అలసిపోయిన గుర్రాలు ఒక్కసారిగా వెనకబడటం వల్ల గెలుపు తేడాలు ఉన్నదానికన్నా పెద్దవిగా కనిపిస్తాయి. అందుకే అక్టోబరులో ఎనిమిది లెంగ్త్‌ల (లెంగ్త్ అంటే ఒక గుర్రం పొడవు) తేడాతో గెలిచిన గుర్రాన్ని చూసినప్పుడు, ఎండిన నేల మీద అది అలా పరుగెత్తగలదా అన్న ప్రశ్నను పక్కన రాసుకోవాలి. ఈ నియమానికి తిరుగులేని మినహాయింపు గెలీలియో అనే గుర్రం: 2000 అక్టోబరులో లెపర్డ్స్‌టౌన్‌లో మెత్తటి నేల మీద తన తొలి పందేన్ని 14 లెంగ్త్‌ల తేడాతో గెలిచి, మరుసటి ఏడాది ఎప్సమ్ డెర్బీనీ ఐరిష్ డెర్బీనీ సొంతం చేసుకుంది. అయితే అక్టోబరులో భారీ తేడాతో గెలిచిన ప్రతి గుర్రాన్నీ గెలీలియో అనుకునేవారికి ఏప్రిల్‌లో నిరాశ ఎదురయ్యే అవకాశమే ఎక్కువ.

నాలుగోది, కొత్తవారు ఎక్కువగా పొరబడేది, వేగం. పందెం మొదటి సగం నెమ్మదిగా సాగితే ముందున్న గుర్రం శక్తిని దాచుకుంటుంది, వెనకనున్నవి ఎంత బలమైనవైనా చివర్లో అందుకోలేవు. మరీ ఉరవడిగా సాగితే దీనికి తలకిందులు. 2019 ఐరిష్ డెర్బీని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 33/1 ధర పలికిన, అంటే గెలుస్తుందని దాదాపు ఎవరూ అనుకోని, సావరిన్ అనే గుర్రం తొలి నుంచీ ముందుండి, అదే నెలలో ఎప్సమ్ డెర్బీ గెలిచి వచ్చిన ఆంథొనీ వాన్ డైక్‌ను ఆరు లెంగ్త్‌ల తేడాతో ఓడించింది. రెండూ ఏడన్ ఓబ్రయన్ బాలీడాయిల్ శిక్షణ కేంద్రానివే. మిగతా జాకీలు దాన్ని పట్టించుకోకుండా దూరం పోనివ్వడం ఆ తేడాలో పెద్ద భాగమని పందేన్ని మళ్లీ చూస్తే అర్థమవుతుంది. ఫలితాల పట్టికలో మాత్రం ఆరు లెంగ్త్‌లు అన్న అంకె ఒక్కటే మిగులుతుంది. కాబట్టి సాధ్యమైన చోట పందెం వీడియోను పూర్తిగా చూడాలి, ఫర్లాంగుల (మైలులో ఎనిమిదో వంతు) వారీ కాలాలు దొరికితే వాటినీ చూడాలి. అవి దొరకకపోతే అదే రోజు, అదే కోర్సులో, అదే దూరంలో జరిగిన ఇంకో పందెం కాలంతో పోల్చడం ఒక మోస్తరు ప్రత్యామ్నాయం.

చివరిది దూరం, వంశం. ఆరు ఫర్లాంగుల పందెంలో చివరికి పుంజుకొని నాలుగో స్థానంలో వచ్చిన గుర్రం తల్లి మైలున్నర పందేలు గెలిచినదైతే, ఆ నాలుగో స్థానాన్ని వేరుగా చదవాలి. 1993లో పారిస్‌లో మైలున్నర దూరపు ప్రి ద లార్క్ ద ట్రయాంఫ్ పందెం గెలిచిన అర్బన్ సీ అనే ఆడ గుర్రమే అటు గెలీలియోకూ, ఇటు మరో గొప్ప గుర్రం సీ ద స్టార్స్‌కూ తల్లి.

హ్యాండిక్యాప్‌లలో గుర్రాల మధ్య తేడాను బరువుతో కొలుస్తారు కనుక, లెంగ్త్‌లను బరువుగా మార్చే లెక్క కూడా తెలిసి ఉండాలి. ఐదు ఫర్లాంగుల పందెంలో ఒక లెంగ్త్‌ను సుమారు 3 పౌన్లుగా, మైలు పందెంలో సుమారు 2 పౌన్లుగా లెక్కిస్తారు, దూరం పెరిగే కొద్దీ ఆ విలువ తగ్గుతుంది.

## రెండేళ్ల గుర్రాల మెయిడెన్‌లు

అంతవరకు ఒక్క పందెమూ గెలవని గుర్రాలకు మాత్రమే మెయిడెన్‌లో ప్రవేశం. ఎదుగుదల అన్న కొలమానం మీద దీనికి సాటి వచ్చేది లేదు. సీ ద స్టార్స్ 2008 జూలైలో కరాలో ఏడు ఫర్లాంగుల మెయిడెన్‌లో తొలిసారి దిగి నాలుగో స్థానంలో ముగించింది. ఆగస్టులో లెపర్డ్స్‌టౌన్ మెయిడెన్, ఆ తర్వాత కరాలో బెరెస్‌ఫర్డ్ స్టేక్స్ గెలిచింది. 2009లో జాన్ ఆక్స్ శిక్షణలో, మిక్ కినేన్ స్వారీలో, మే నుంచి అక్టోబరు వరకు నెలకొకటి చొప్పున ఆరు గ్రూప్ 1 (గ్రూప్ పందేల్లో అన్నిటికన్నా పైస్థాయి) పందేలు గెలుచుకుంది. ఆగూస్త్ రోదాన్ కూడా 2022 జూన్‌లో కరాలో తొలి పందెం ఓడి రెండో స్థానంలో నిలిచింది. జూలైలో నేస్‌లో మెయిడెన్ గెలిచి, 2023లో ఎప్సమ్ డెర్బీ, ఐరిష్ డెర్బీ, ఐరిష్ ఛాంపియన్ స్టేక్స్, అమెరికాలో బ్రీడర్స్ కప్ టర్ఫ్ దాకా వెళ్లింది.

ఈ రెండు ఉదాహరణలు ఓడినవన్నీ గొప్పవి అవుతాయని చెప్పవు. పెద్ద శిక్షకుల రెండేళ్ల గుర్రాలు తొలి పందేన్ని నేర్చుకునే అవకాశంగా వాడుకుంటాయని, రెండో పందేనికి గణనీయంగా మెరుగుపడతాయని మాత్రం చెబుతాయి. బాలీడాయిల్ ఒకే మెయిడెన్‌కు రెండు మూడు గుర్రాలను పంపడం మామూలే. ప్రధాన జాకీ ఎక్కినదాన్నే జనం చూస్తారు. రెండో జాకీ ఎక్కిన గుర్రం గేటులో నుంచి ఆలస్యంగా బయటపడి, మధ్యలో గుంపులో ఇరుక్కుని, చివరి ఫర్లాంగులో కొరడా దెబ్బ లేకుండానే మూడు నాలుగు గుర్రాలను దాటి ఐదో స్థానంలో ముగిస్తే, నా పట్టీలోకి వెళ్లేది ఆ ఐదో గుర్రమే. ప్రతి గుర్రాన్నీ నిజాయితీగా పరుగెత్తించాలన్నది నియంత్రణ సంస్థ ఐహెచ్ఆర్‌బీ నియమం. అయినా తొలిసారి దిగిన పసి గుర్రాన్ని మంచి స్థానం దక్కకపోయినా కష్టపెట్టకుండా నడిపించడం వేరు, ఆపి పట్టుకోవడం వేరు.

కోర్సు కూడా లెక్కలోకి వస్తుంది. కరా కుడి వైపు తిరిగే, లాడం ఆకారపు విశాలమైన కోర్సు. దాని చివరి భాగం ఎత్తెక్కుతుంది కనుక అక్కడ గెలవాలంటే శ్వాస నిలవాలి. నేస్‌లోనూ ముగింపు ఎత్తెక్కేదే. లెపర్డ్స్‌టౌన్ ఎడమ వైపు తిరుగుతుంది, చివరి మలుపు తర్వాత మిగిలే దూరం ఎక్కువ కాదు కనుక అక్కడ ముందున్న గుర్రాలకు కొంత మేలు జరుగుతుంది. లెపర్డ్స్‌టౌన్‌లో వెనక నుంచి వచ్చి రెండో స్థానం దక్కించుకున్న గుర్రానికి అందుకే నేను ఒక మెట్టు ఎక్కువ ఇస్తాను. చిన్న కోర్సులను పూర్తిగా వదిలేయడమూ తప్పే. 2021 జూలైలో కిలార్నీలో తొలి పందెం గెలిచిన లగ్జంబర్గ్, ఆ ఏడాదే బెరెస్‌ఫర్డ్ స్టేక్స్, డాంకాస్టర్‌లో ఫ్యూచరిటీ ట్రోఫీ గెలిచింది.

ఈ ఎంపికలోని ఇబ్బందులు రెండు. ఒకటి, పొరబాట్ల శాతం ఎక్కువ: పది పేర్లు రాసుకుంటే అందులో చాలా వరకు మామూలు గుర్రాలుగానే మిగిలిపోతాయి. రెండు, బాగా కనిపించినవి హాంకాంగ్‌కో ఆస్ట్రేలియాకో అమ్ముడుపోతాయి, పేరు కూడా మారిపోవచ్చు. వేలంలో తక్కువ ధరకు కొన్న గుర్రాలకు పరిమితమైన ఆక్షన్ మెయిడెన్‌లు వేరే స్థాయివి. వాటిలో నుంచి రేపటి హ్యాండిక్యాప్ విజేతలను వెతకాలి తప్ప క్లాసిక్ (డెర్బీ లాంటి మేటి పందేల) గుర్రాలను కాదు.

## గ్రూప్ పందేలు, ట్రయల్స్

ఇక్కడ సమాచారం గట్టిది, పొరబాటు తక్కువ, కానీ కొత్తగా కనుగొనేదీ తక్కువే. కరాలో ఆగస్టులో ఆరు ఫర్లాంగుల ఫీనిక్స్ స్టేక్స్, సెప్టెంబరులో ఏడు ఫర్లాంగుల నేషనల్ స్టేక్స్, ఫిల్లీలకు (లేత ఆడ గుర్రాలకు) మాయ్‌గ్లేర్ స్టడ్ స్టేక్స్ రెండేళ్ల గుర్రాల గ్రూప్ 1 పందేలు. వీటిలో గెలిచినదాన్ని గుర్తించడానికి ప్రత్యేకమైన చూపేమీ అక్కర్లేదు, మరుసటి ఉదయానికే అందరికీ తెలిసిపోతుంది.

ఈ వర్గంలో నాకు నచ్చేది మైలు దూరపు బెరెస్‌ఫర్డ్ స్టేక్స్. 2008లో సీ ద స్టార్స్, 2009లో సెయింట్ నికొలస్ ఆబీ, 2021లో లగ్జంబర్గ్, 2024లో హాటజెల్ దాన్ని గెలిచాయి. రెండేళ్ల వయసులో మైలు తట్టుకున్న గుర్రానికి మరుసటి ఏడాది దూరం పెంచడం సులువు. ఆరు ఫర్లాంగుల వేగంతో ఫీనిక్స్ గెలిచినదాని విషయంలో ఆ భరోసా ఉండదు. వసంతంలో లెపర్డ్స్‌టౌన్‌లో జరిగే బాలీశాక్స్ స్టేక్స్, డెర్బీ ట్రయల్ (డెర్బీకి ముందు సత్తా చూసే ట్రయల్ పందేలు) మరో మంచి జత. 2001లో గెలీలియో, 2002లో హై చాపరల్ ఆ రెండింటినీ గెలిచే ఎప్సమ్‌కు వెళ్లాయి.

2025లో డెలక్రువా కూడా ఆ రెండూ గెలిచింది, కానీ ఎప్సమ్‌లో తొమ్మిదో స్థానంలో తేలిపోయింది. జూన్ నెలలో దాన్ని పట్టీ నుంచి కొట్టేసినవారు జూలైలో ఎక్లిప్స్ స్టేక్స్‌నూ, సెప్టెంబరులో ఐరిష్ ఛాంపియన్ స్టేక్స్‌నూ వదులుకున్నట్టే. ఆ రెండూ మైలుంపావు దూరపు పందేలు, ఎప్సమ్ డెర్బీది మైలున్నర. సిటీ ఆఫ్ ట్రాయ్ కథా ఇలాంటిదే: 2024 న్యూమార్కెట్ 2000 గినీస్‌లో ఘోరంగా విఫలమై, నెల తిరక్కుండానే డెర్బీ గెలిచింది. రుజువైన గుర్రాన్ని ఒక్క చెడ్డ పరుగుతో కొట్టేయకూడదు, కారణం కనిపించినప్పుడు మరీ కొట్టేయకూడదు.

## హ్యాండిక్యాప్‌లు

హ్యాండిక్యాప్‌లో ప్రతి గుర్రానికీ ఒక రేటింగ్ ఉంటుంది, ఒక్కో రేటింగ్ పాయింటుకు ఒక పౌను బరువు. మూడు మెయిడెన్‌లలో సాధారణంగా పరుగెత్తిన గుర్రానికి సాధారణమైన రేటింగే వస్తుంది. ఆ మూడూ దాని వంశానికి తగని తక్కువ దూరంలో జరిగినవైతే, ఆ రేటింగ్ దాని అసలు శక్తిని చూపదు. మూడేళ్ల వయసులో మే, జూన్ నెలల్లో మొదటిసారి పది ఫర్లాంగుల హ్యాండిక్యాప్‌కు దిగే ఇలాంటి గుర్రం కోసం వెతకడం ఈ వర్గంలో అసలైన పని. మలక్‌పేట రేస్ కోర్సు అలవాటున్నవారికి ఇది పరిచయమైన లెక్కే. అక్కడ రేటింగ్ పాయింటుకు అర కిలో, ఇక్కడ ఒక పౌను, తేడా స్వల్పం.

హ్యాండిక్యాప్ స్థాయి నుంచి శిఖరానికి చేరినవి అరుదు, అయినా ఉన్నాయి. టిప్పరరీలో టామ్ హోగన్ శిక్షణ ఇచ్చిన గోర్డన్ లార్డ్ బైరన్ అతి చవకగా కొన్న గుర్రం. అది మామూలు పందేల నుంచి మెట్టు మెట్టుగా ఎదిగి 2012లో ఫ్రాన్స్‌లో ప్రి ద లా ఫోరే, 2013లో హేడాక్ స్ప్రింట్ కప్, 2014లో సిడ్నీలో జార్జ్ రైడర్ స్టేక్స్ గెలిచింది. అలాంటి ఉదాహరణను ఆశించి హ్యాండిక్యాప్‌లను ఎంచుకోవద్దు. ఒక సీజన్‌లో రెండు మూడు గెలుపులు చూపే గుర్రం ఇక్కడ మంచి దిగుబడే.

గాల్వే పండగ గురించి ఒక మాట. జూలై చివర, ఆగస్టు మొదట ఏడు రోజులు నడిచే ఆ పందేలు చూడటానికి ఎంతో ఉత్సాహంగా ఉంటాయి. కానీ ఇరుకు మలుపులు, నిటారు ముగింపు, కిక్కిరిసిన గుంపులు కలిసి అక్కడి ఫలితాలను అదృష్టానికి దగ్గరగా నెడతాయి. గాల్వేలో గెలిచిన గుర్రాన్ని పట్టీలో చేర్చడానికి నేను తొందరపడను. అక్కడ దారి దొరక్క ఓడినదాన్ని మాత్రం కరాలో మరోసారి చూడాలనుకుంటాను.

## డండాల్క్

2007లో తెరిచిన ఈ పాలీట్రాక్ (కృత్రిమ ట్రాక్) మీద వానకు నేల తీరు పచ్చికలా మారిపోదు కనుక, ఒక వారం కాలాన్ని మరో వారం కాలంతో పోల్చడం ఎక్కడికన్నా ఇక్కడ తేలిక. అంకెలంటే ఇష్టమున్నవారికి ఇది అనువైన చోటు. ప్రతిభ ఉన్న గుర్రాలు ఇక్కడికి రావనుకోవడం పొరబాటు. మెండెల్‌సన్ 2018 మార్చిలో డండాల్క్‌లో పాటన్ స్టేక్స్ గెలిచి, ఆ నెలలోనే దుబాయ్‌లో యూఏఈ డెర్బీని పద్దెనిమిదికి పైగా లెంగ్త్‌ల తేడాతో గెలిచింది. చిక్కల్లా ఇక్కడి సత్తా పచ్చికకు బదిలీ అవుతుందన్న హామీ లేకపోవడమే. కొన్ని గుర్రాలు ఈ ట్రాక్ మీదే రాణిస్తాయి, వాటిని వేసవిలో గమనించడం వృథా.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| | మెయిడెన్‌లు | గ్రూప్ పందేలు | హ్యాండిక్యాప్‌లు | డండాల్క్ |
|---|---|---|---|---|
| మిగిలిన ఎదుగుదల | చాలా ఎక్కువ | మధ్యస్థం | తక్కువ, కొన్నింటిలో ఎక్కువ | గుర్రాన్ని బట్టి |
| సమాచారం గట్టిదనం | తక్కువ | ఎక్కువ | ఎక్కువ | కాలాల విషయంలో ఎక్కువ |
| ఇతరులు గుర్తించకపోయే అవకాశం | ఓడినవాటిలో ఎక్కువ | దాదాపు లేదు | మధ్యస్థం | మధ్యస్థం |
| నిరీక్షణ | నెలలు, ఒక్కోసారి ఏడాది | వారాలు | వారాలు | చలికాలమంతా |
| ప్రధాన ప్రమాదం | అమ్మకం, ఎదగకపోవడం | ఒక్క ఓటమికే వదిలేయడం | రేటింగ్ పెరిగిపోవడం | పచ్చికకు సరిపడకపోవడం |

## ఎవరికి ఏది

వారానికి ఒక గంటకు మించి కేటాయించలేనివారు గ్రూప్ పందేలు, లెపర్డ్స్‌టౌన్ ట్రయల్స్‌తో సరిపెట్టుకోవడం మంచిది. పేర్లు తక్కువ, పందేలు ముందే ప్రకటిస్తారు. వీడియోలు చూసే ఓపిక ఉన్నవారికి మెయిడెన్‌లే సరైనవి. వంశవృక్షాలంటే ఆసక్తి ఉన్నవారు దూరం మారబోయే మూడేళ్ల హ్యాండిక్యాప్ గుర్రాలను చూడాలి, అక్కడ ఆ జ్ఞానానికి నేరుగా విలువ దక్కుతుంది.

డబ్లిన్ చుట్టుపక్కల చదువుకునే, ఉద్యోగాలు చేసే తెలుగువారికి మరో సౌకర్యం ఉంది. లెపర్డ్స్‌టౌన్ నగర దక్షిణ శివారులోనే ఉంది, కరాకు కిల్డేర్ వైపు వెళ్లే రైలు ఉంది. పందేనికి ముందు గుర్రాలను నడిపించే చోట నిలబడి చూస్తే పట్టికలో లేని సంగతులు తెలుస్తాయి. పొడవుగా పెరిగి, ఛాతీ, పిరుదులు ఇంకా నిండని రెండేళ్ల గుర్రం చలికాలం తర్వాత మారిపోయే అవకాశం ఉంది. కండ పట్టి, పూర్తిగా నిండిన శరీరంతో కనిపించేది ఆ రోజు గెలవచ్చు కానీ అంతకన్నా ఎదగకపోవచ్చు. చెమటతో తడిసి, కళ్లు పెద్దవి చేసి బెదిరిన గుర్రం ఓడితే ఆ ఓటమిని సగమే లెక్కించాలి.

పన్నెండు పేర్ల పట్టీ అయితే నా విభజన ఇలా ఉంటుంది: మెయిడెన్‌లలో ఓడినవి ఐదు, గెలిచినవి రెండు, గ్రూప్ పందేల నుంచి రెండు, మూడేళ్ల హ్యాండిక్యాప్ గుర్రాలు రెండు, డండాల్క్ నుంచి ఒకటి. మెయిడెన్‌లో ఓడిన గుర్రానికి రెండు అవకాశాలు ఇస్తాను. ఎక్కువ దూరంలో, సరైన నేల మీద రెండోసారీ ముందుకు రాకపోతే తీసేస్తాను. హ్యాండిక్యాప్ గుర్రం రెండు గెలుపుల తర్వాత రేటింగ్ పది పాయింట్లకు పైగా పెరిగితే దానికీ సెలవే. ఐరిష్ డెర్బీ లాంటి పందేలకు ముందస్తు ఎంట్రీలు పడినప్పుడు ఆ జాబితాను ఒకసారి తిరగేయాలి. ఇంకా మెయిడెన్ గెలవని గుర్రానికి కూడా యజమాని అక్కడ డబ్బు కట్టాడంటే, ఇంటి దగ్గర అది ఏదో చూపించిందని అర్థం. మూడేళ్ల వయసు వచ్చి జూన్ దాటినా పందేనికి దిగని గుర్రం పేరును తీసేసి, ఆ స్థానాన్ని వేసవిలో కరాలో జోరందుకునే ఏడు ఫర్లాంగుల రెండేళ్ల మెయిడెన్‌ల కోసం ఖాళీగా ఉంచుతాను.